మనం కోరుకునే స్కేల్ మోడల్ కిట్లను కంపెనీలు ఎందుకు చేయవు, వాటి కోసం ఆగడం మంచిదేనా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నాలుగింజన్ల బాంబర్ షార్ట్ స్టెర్లింగ్‌ను 1/48 స్కేల్‌లో (అసలులో 48వ వంతు), కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి చేసే ఇంజెక్షన్ కిట్‌గా, పేరున్న కంపెనీ ఏదైనా తెస్తుందని మీరు చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు. మెసర్‌ష్మిట్ 109లు, స్పిట్‌ఫైర్లు మాత్రం ఏటా కొత్తగా వస్తూనే ఉన్నాయి. కంపెనీలు అభిమానుల కోరికల జాబితాలను అసలు చూస్తాయా, చూస్తే ఇలాంటివాటిని ఎందుకు పక్కన పెడతాయి, ఇంకా ఆగాలా లేక వేరే దారి వెతుక్కోవాలా అన్నది మీ సందేహం.

జాబితాలను చూస్తాయి. కానీ మనం చదివే పద్ధతిలో అవి చదవవు. స్టెర్లింగ్ విషయంలో నా సలహా ఒక్కటే: ఆగకండి, ఇప్పుడు దొరికే దారుల్లోనే కట్టడం మొదలుపెట్టండి. మీ జాబితాలో ఇంకేమైనా ఉంటే వాటిలో కొన్నింటి కోసం నిశ్చింతగా ఆగవచ్చు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి విమానం గొప్పతనాన్ని కాకుండా అచ్చు లెక్కను చూడాలి.

ఇంజెక్షన్ కిట్‌లో ఖర్చంతా ఉక్కు అచ్చులోనే ఉంటుంది. పెట్టెలోని పాలీస్టైరీన్ ఖరీదు దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. కరిగిన ప్లాస్టిక్‌ను తీవ్రమైన ఒత్తిడితో లోపలికి పంపినా చెదరని ఉక్కు దిమ్మెలను చెక్కించి, విమానం పై రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతల దాకా మెరుగుపెట్టి, ప్రయోగాత్మకంగా పోతపోసి, సరిదిద్ది, అప్పుడు అసలు ఉత్పత్తికి దిగాలి. ఆ పెట్టుబడి మొదటి పెట్టె అమ్ముడుపోక ముందే పెట్టేయాలి. అందుచేత కంపెనీలో నిర్ణయం తీసుకునేవారు "ఈ విమానాన్ని ఎంతమంది ఇష్టపడతారు" అన్న ప్రశ్నతో ఆగరు. "ఈ అచ్చునుంచి వరుసగా ఎన్ని వేర్వేరు పెట్టెలు తీయగలం" అని అడుగుతారు. మోడలర్లు కోరికల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ రెండో ప్రశ్న దాదాపుగా ఎప్పుడూ రాదు.

ఉదాహరణకు మిగ్-21ను చూడండి. పది వేలకు పైగా తయారై, యాభైకి పైగా దేశాల్లో ఎగిరిన విమానమది. చెక్ కిట్ కంపెనీ ఎడ్యుఆర్డ్ 2011లో 1/48లో దాన్ని విడుదల చేసినప్పుడు ఎంఎఫ్, బిస్, పీఎఫ్, పీఎఫ్ఎం వంటి రకాలన్నింటినీ దృష్టిలో పెట్టుకునే అచ్చులను విభజించుకుంది. రెక్కలు, చక్రాలు, క్షిపణుల ఫ్రేములు (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) చాలావరకు ఉమ్మడిగా ఉంటాయి, రకాన్ని బట్టి ఫ్యూజిలేజ్ (విమానపు మొండెం) ఫ్రేము మారుతుంది. డెకాల్స్ (అతికించే గుర్తులు) మార్చితే మరో దేశం, మరో పెట్టె. ఇప్పుడు జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ రూపొందించిన భారతీయ యుద్ధ విమానం హెచ్ఎఫ్-24 మారుత్‌ను దాని పక్కన పెట్టి చూడండి. 1961లో తొలిసారి ఎగిరిన ఆ జెట్ అందంలో దేనికీ తీసిపోదు, చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. అయినా తయారైనవి 147 మాత్రమే, వాడిన వైమానిక దళం ఒక్కటే. ఒంటి సీటు, రెండు సీట్లు తప్ప చెప్పుకోదగ్గ రకాలు లేవు. రెండు విమానాలకూ అచ్చు ఖర్చు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, ఎవరి డబ్బు ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. ఇందులో వివక్ష ఏమీ లేదని నా అభిప్రాయం, కేవలం కూడికలు తీసివేతలే.

స్టెర్లింగ్‌ను ఇదే లెక్కకు పెడదాం. 2,300కు పైగా తయారయ్యాయి కాబట్టి అరుదైనదేమీ కాదు. బాంబర్లుగా మార్క్ 1, మార్క్ 3, గ్లైడర్లను లాగడానికీ పారాట్రూపర్లను దించడానికీ మార్క్ 4, రవాణాకు మార్క్ 5 అని రకాలూ ఉన్నాయి. అయితే దాదాపు అన్నీ ఒకే వైమానిక దళంలో, పైన గోధుమ ఆకుపచ్చ రంగులు, కింద నలుపుతో ఎగిరినవే. పెట్టె మీది బొమ్మ మారినా, అల్మరాలో పెట్టాక రెండో స్టెర్లింగ్ మొదటిదాని లాగే కనిపిస్తుంది. కొన్నవాడు రెండోది కొనడు. పైగా దాని రెక్కల వెడల్పు 30.2 మీటర్లు, అంటే 1/48లో 63 సెంటీమీటర్లు. పొడవు 55 సెంటీమీటర్లు దాటుతుంది. అంత పెద్ద భాగాలకు అచ్చు దిమ్మె పెద్దది కావాలి, యంత్రం పెద్దది కావాలి, పెట్టె పెద్దది కావాలి, దాన్ని నిల్వచేసే గోదాములో చోటూ ఎక్కువ కావాలి. ఇంత భారం మోయడానికి కంపెనీలు ఎప్పుడూ వెనకాడతాయని కాదు. హెచ్‌కే మోడల్స్ 1/32లో లాంకాస్టర్ చేసింది, దాని రెక్కలు 97 సెంటీమీటర్లు. కానీ లాంకాస్టర్ పేరు విమానాల ఊసు తెలియనివారికి కూడా తెలుసు. స్టెర్లింగ్‌కు ఆ అదృష్టం లేదు.

మరొక చిక్కు, మన జాబితాల్లో ఎవరూ రాయనిది: కొలవడానికి అసలు విమానం మిగిలి ఉందా? పూర్తి స్టెర్లింగ్ ఒక్కటి కూడా ఈనాడు ఎక్కడా మిగల్లేదు. బ్రిటిష్ యుద్ధ విమానం బౌల్టన్ పాల్ డిఫయంట్‌కు పూర్తి రూపంలో మిగిలింది ఒకే ఒక్కటి, బ్రిటన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఉంది. ఆ ఒక్కటి ఉండబట్టే ఎయిర్‌ఫిక్స్ దాన్ని లేజర్‌తో స్కాన్ చేసి కొత్త కిట్ తీసుకురాగలిగింది. అసలు లేకపోతే కర్మాగారపు డ్రాయింగులు, పాత ఫొటోలు, శకలాలే దిక్కు. డ్రాయింగులు ఒకదానితో ఒకటి పొసగకపోవడం మామూలే. కొలత తప్పితే ఏమవుతుందో పరిశ్రమ అంతా చూసింది. ఎడ్యుఆర్డ్ 2014లో 1/48లో విడుదల చేసిన మెసర్‌ష్మిట్ 109జీ-6 పరిమాణంలో కాస్త పెద్దదని మోడలర్లు కొలిచి చూపించారు. ఆ కంపెనీ అచ్చులను పూర్తిగా కొత్తగా చేయించి 2016లో మళ్లీ తెచ్చింది. 109 లాంటి విమానం కాబట్టి రెండోసారి ఖర్చు పెట్టినా గిట్టుబాటయింది. స్టెర్లింగ్‌కు అలాంటి రెండో అవకాశం ఎవరిస్తారు?

స్కేల్ కూడా ఒక వడపోతే. మనం శాస్త్రీయమని అనుకునే ఈ కొలతల్లో కొన్ని యాదృచ్ఛికంగా పుట్టాయి. 1/35నే తీసుకోండి. 1960ల ఆరంభంలో జపాన్ కంపెనీ టామియా తన పాంథర్ ట్యాంకు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా పరిమాణం నిర్ణయించుకుంటే, తర్వాత లెక్కచూసినప్పుడు అది సుమారు 1/35 అని తేలింది. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఇప్పటికీ ప్రపంచంలోని ట్యాంకు కిట్లలో అత్యధికం ఆ స్కేల్‌లోనే వస్తున్నాయి. ఒకసారి జనం ఒక స్కేల్‌లో అల్మరా నింపుకున్నాక, అందులో ఒదగనిదాన్ని ఎంత బాగా చేసినా కొనరు. కోరిక రాసేటప్పుడు స్కేల్ రాయకపోతే అది సగం కోరికే.

ఇక ఆగదగినవి ఏవో చెబుతాను. ఇటీవల కొత్త కిట్ వచ్చిన విమానపు ఇతర రకాల కోసం తప్పకుండా ఆగండి, ఎందుకంటే వాటి సాక్ష్యం మీ చేతిలోని పెట్టెలోనే ఉంటుంది. కొత్త కిట్ తెరిచినప్పుడు నేను సూచనల పుస్తకం కంటే ముందు ఫ్రేముల మీది అక్షరాలు చూస్తాను. ఏ, బీ, సీ తర్వాత ఎఫ్ ఉంటే, డీ, ఈ ఫ్రేములు మరో రకానికి కేటాయించారని అర్థం. "ఈ కిట్‌లో వాడనివి" అని పుస్తకంలో బూడిద రంగు పూసి చూపించే భాగాలను చూడండి. ఇంకా పైలట్ సీటు వెనుక ఫ్యూజిలేజ్‌ను ఒక ప్యానెల్ గీత దగ్గర అకారణంగా రెండుగా విడగొట్టారా, రెక్క లోపలివైపు సగం లోతు వరకే చెక్కి వదిలేసిన రంధ్రాలు ఉన్నాయా అని వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. పల్చని ప్లాస్టిక్ పొర వెనుక గుండ్రంగా తెల్లగా కనిపించే ఆ మచ్చలు రాబోయే రకం మోసే ఆయుధాలకు గుర్తులు. టామియా 1/48 ఎఫ్-14ఏ 2016లో వచ్చినప్పుడు దాని విభజన చూసినవారెవరికీ, 2018లో ఎఫ్-14డీ రావడం ఆశ్చర్యం కలిగించి ఉండదు.

మూతపడిన కంపెనీల కిట్ల మీద ఆశపెట్టుకున్నవారు కూడా నిరుత్సాహపడనక్కరలేదు. కంపెనీ పోయినా అచ్చు పోదు, ఉక్కు దిమ్మెలు చేతులు మారుతాయి. బ్రిటన్‌కు చెందిన ఫ్రాగ్ మూతపడ్డాక 1970ల చివర్లో దాని అచ్చులు చాలావరకు సోవియట్ యూనియన్‌కు చేరి, నోవో పేరుతో మళ్లీ పెట్టెలకెక్కాయి. న్యూజిలాండ్‌లో పీటర్ జాక్సన్ స్థాపించిన వింగ్‌నట్ వింగ్స్, 2009 నుంచి మొదటి ప్రపంచ యుద్ధ విమానాలను 1/32లో అద్భుతంగా చేసి 2020లో ఆగిపోయింది. అది సిద్ధం చేసుకున్న ఫోకర్ ట్రైప్లేన్ మెంగ్ పెట్టెలోనూ, లాంకాస్టర్ బోర్డర్ మోడల్ పెట్టెలోనూ బయటికొచ్చాయి. ఈ సందర్భంగా ఒక హెచ్చరిక. పాత కిట్ వేలంలో భారీ ధరకు పోతోంది కాబట్టి గిరాకీ ఉందని, కంపెనీలు గ్రహించాలని చాలామంది వాదిస్తారు. ఆ ధర ఎక్కువగా చెప్పేది అమ్మేవారు తక్కువని మాత్రమే. ఆ కిట్ మళ్లీ విడుదల కాగానే ఆ ధర ఎలా కూలుతుందో ఒకసారి చూసినవారు ఈ వాదన మళ్లీ చేయరు.

వార్షికోత్సవాలు కూడా కోరికలను తీరుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి నూరేళ్లు నిండుతున్న రోజుల్లో, దశాబ్దాలుగా అందరూ అడుగుతూ వచ్చిన బ్రిటిష్ మార్క్ 4 ట్యాంకును 1/35లో టామియా, టాకామ్ రెండూ చేశాయి. విచిత్రం ఏమిటంటే, ఇలాంటివి వస్తే జంటగా వస్తాయి. చీఫ్టన్ ట్యాంకు అభిమానులు 1970ల నాటి టామియా కిట్‌తోనే ఏళ్ల తరబడి సరిపెట్టుకుంటే, 2015లో టాకామ్, మెంగ్ ఒకేసారి కొత్తవి తెచ్చాయి. కంపెనీలు తమ పథకాలను చివరిదాకా దాస్తాయి కాబట్టి, వార్త లేదంటే పని జరగడం లేదని అనుకోనవసరం లేదు.

కార్ల సంగతి వేరు. అక్కడ అచ్చు లెక్కతో పాటు అసలు కారు తయారీదారు అనుమతి, దానికి చెల్లించే రుసుము అడ్డొస్తాయి. రేసు కార్లకైతే పొగాకు కంపెనీల గుర్తులను కిట్‌లో ఇవ్వడం మానేశారు కాబట్టి, 1988లో 16 రేసుల్లో 15 గెలిచిన మెక్‌లారెన్ ఎంపీ4/4 లాంటి కారుకు కూడా అసలు రూపం రావాలంటే డెకాల్స్ విడిగా కొనుక్కోవాలి. ఈ విషయంలో కంపెనీలను నిందించి లాభం లేదు.

కంపెనీకి రాయాలనుకుంటే ఎలా రాయాలి? "దయచేసి ఫలానాది చేయండి" అన్న వాక్యానికి విలువ లేదు. ముందు సరైన కంపెనీని ఎంచుకోండి. ఐసీఎం 1/48లో డోర్నియర్ 17, హెయింకెల్ 111 వంటి రెండింజన్ల బాంబర్లను ఇష్టంగా చేస్తుంది. మినీఆర్ట్ 1/35లో ట్రాము బండి కూడా చేసింది. స్పెషల్ హాబీ ఇతరులు ముట్టుకోని రకాలను వెతికి పట్టుకుంటుంది. ఎవరి అభిరుచికి తగినది వారికే రాయాలి. ఉత్తరంలో స్కేల్, కచ్చితమైన రకం, ఉమ్మడి ఫ్రేములతో సాధ్యమయ్యే ఇతర రకాలు, కనీసం మూడు దేశాల రంగుల పథకాలు, కొలవడానికి వీలున్న విమానం ఏ మ్యూజియంలో ఏ సీరియల్ నంబరుతో ఉందో రాయండి. నేను ఒక చిన్న తయారీదారుకు చక్రాల గది లోపలి ఫొటోలను, ప్రతి దానిలోనూ ఒక కొలత పట్టీ కనిపించేలా తీసి పంపాను. కోరిక గురించి ఒక్క మాట కూడా రాయని ఆ ఉత్తరానికి వెంటనే బదులొచ్చింది. పక్క గోడ మీద రివెట్ల వరుస ఎక్కడ మలుపు తిరుగుతుందో మరో కోణంలో తీసి పంపగలరా అని అడిగారు. ఆ తర్వాత ఏళ్లకు వచ్చిన కిట్‌లో ఆ మలుపు ఉంది. నా ఉత్తరం వల్లే వచ్చిందని చెప్పను. పనికొచ్చే సమాచారం పంపినవారితో కంపెనీలు మాట్లాడతాయని మాత్రం చెప్పగలను.

ఈ లెక్కకు నిలిచే కోరిక ఎలా ఉంటుందంటే, నా జాబితాలో పైన ఉన్నది అదే షార్ట్ సంస్థ చేసిన సండర్‌లాండ్ ఫ్లయింగ్ బోట్ (నీటి మీద దిగే విమానం), 1/48లో. రెక్కలు 71 సెంటీమీటర్లు దాటుతాయి కాబట్టి స్టెర్లింగ్ కంటే పెద్దదే. అయినా తయారైన 700కు పైగా విమానాలను బ్రిటన్‌తో పాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫ్రాన్స్, నార్వే, దక్షిణాఫ్రికా వాడాయి. తెలుపు, బూడిద, నీలం ఛాయల్లో రంగుల పథకాలు మారుతూ ఉంటాయి, పౌర విమానంగా మారిన శాండ్రింగ్‌హామ్ రూపం ఉంది, కొలవడానికి మ్యూజియాల్లో విమానాలూ ఉన్నాయి. దీని కోసం కొంతకాలం ఆగడానికి నేను సిద్ధమే. విమానాల పక్కన నిలిపే ఇంధన ట్యాంకర్లు, లాగుడు ట్రాక్టర్లు, ఆధునిక దుస్తుల్లో ఉన్న గ్రౌండ్ సిబ్బంది బొమ్మలు కూడా ఇంకా ఎక్కువ రావాలని నా కోరిక. చిన్న అచ్చు, ఏ దేశపు విమానం పక్కనైనా ఒదుగుతుంది, కంపెనీలు దీన్ని తగినంత పట్టించుకోకపోవడం నాకు అర్థంకాదు.

ఇక మీ స్టెర్లింగ్. మీ ముందున్న దారులు వాక్యూఫామ్ (వేడిచేసిన ప్లాస్టిక్ షీటును గాలి లాగి అచ్చుకు అతికించే పద్ధతి), రెసిన్ (ద్రవంగా పోసి గట్టిపరిచే ప్లాస్టిక్), 3డీ ప్రింటింగ్, లేదా వీటి కలయిక. పెద్ద విమానాలకు వాక్యూఫామ్ పద్ధతిని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను ఒక పెద్ద ఫ్లయింగ్ బోట్‌ను ఆ పద్ధతిలో కట్టాను, తేలికగా ఉండటం దాని గొప్ప సుగుణం. ప్లాస్టిక్ షీటు నుంచి భాగాన్ని కోశాక, గాజు పలక మీద అతికించిన తడి ఉప్పుకాగితంపై వృత్తాకారంలో అరగదీస్తూ పోవాలి. రెక్క వెనుక అంచు కాగితంలా పల్చబడి, వెలుతురు కనిపించే దశలో ఆపాలి. లోపల అడ్డుగోడలను షీటు ప్లాస్టిక్‌తోనూ, రెక్క వెన్నును ఇత్తడి గొట్టంతోనూ చేసుకోవాలి.

3డీ ప్రింట్ ఫైలు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 1/72 కోసం గీసిన ఫైలును ఒకటిన్నర రెట్లు పెంచితే 1/48 అవుతుందని అమ్మేవారు చెబుతారు. రూపం సరిగానే వస్తుంది, కానీ గీతలూ పెరుగుతాయి. 0.2 మిల్లీమీటర్ల ప్యానెల్ గీత 0.3 అవుతుంది. అసలు విమానం మీద అది దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల సందు ఉన్నట్టు లెక్క. 1/48 కోసమే గీసిన ఫైలు కోసం అడగండి, లేదా గీతలన్నీ పూడ్చి మళ్లీ చెక్కడానికి సిద్ధపడండి. ఫ్యూజిలేజ్‌ను రెసిన్‌లో గట్టిగా నిండుగా ప్రింట్ చేయించవద్దు. లోపల బోలుగా, గోడ రెండున్నర మిల్లీమీటర్లకు మించకుండా, మిగిలిన ద్రవం కారిపోయేలా రంధ్రాలతో చేయించండి. లోపల చిక్కిన రెసిన్ పూర్తిగా గట్టిపడకపోతే, కాలక్రమంలో అది పైపొరను పగలగొట్టుకుని బయటికొస్తుంది.

రకాల్లో మార్క్ 3ను ఎంచుకోమని గట్టిగా చెబుతాను. దానికి కారణం పూర్తిగా ఆచరణాత్మకమైనది. దాని ముక్కు దగ్గరిది, వీపు మీదది, తోకలోది, ఈ మూడు తుపాకీ గదులూ లాంకాస్టర్ వాడిన ఫ్రేజర్-నాష్ రకాలకు చెందినవే. కాబట్టి 1/48 లాంకాస్టర్ కోసం వచ్చిన పారదర్శక భాగాలు, తుపాకుల సెట్లు మీకు పనికొస్తాయి. ఇంజన్లు బ్రిస్టల్ హెర్క్యులీస్, అవే బ్యూఫైటర్ అనే రెండింజన్ల యుద్ధ విమానానికీ ఉన్నాయి. 1/48 బ్యూఫైటర్‌కు దొరికే రెసిన్ ఇంజన్లను నాలుగు తెచ్చుకుంటే యాభైయారు సిలిండర్ల పని తప్పుతుంది. ఆర్ఏఎఫ్ గుర్తైన రంగు వలయాలు, కోడ్ అక్షరాలు ఏ ఆర్ఏఎఫ్ బాంబర్ డెకాల్ సెట్లోనైనా దొరుకుతాయి. వేరేచోట దొరకనిది ఒక్కటే, ఆ పొడవాటి ల్యాండింగ్ గేర్. అసలు విమానంలో పైలట్ కూర్చునేది నేలకు దాదాపు ఏడు మీటర్ల ఎత్తున, మీ బల్ల మీద అది పద్నాలుగు సెంటీమీటర్లకు పైనే. ప్రింట్ చేసిన రెసిన్ కాళ్లు ఆ ఎత్తులో అంత బరువును కొన్నాళ్లు మోసి మెల్లగా పక్కకు ఒరుగుతాయి. ఇత్తడి గొట్టాలు, కడ్డీలతో టంకం వేసి కాళ్లను ముందే చేసుకోండి. రెక్కల పై, కింది భాగాలను అతికించకముందే వాటిని రెక్క వెన్నుకు బిగించి, ఇంజన్లన్నీ టేపుతో తాత్కాలికంగా అమర్చి, కొన్ని వారాలు అలాగే నిలబెట్టి చూడండి.